కడవరి వాన, కిరాయి బండి

మా ఇంట్లో సెలవు అంటే సభలు. పెళ్లయిన కొత్తలో ఒకసారి మా ఆయన సెలవు పెట్టానని, మూడు రోజులు బయటికి పోతున్నామని చెప్పాడు. నేను సంబరంగా పెట్టెలో పట్టుచీరలు సర్దుకున్నాను. తీరా బస్సు దిగింది చర్చివాళ్ల ఉజ్జీవ సభల పందిరి ముందు. అప్పటి నుంచి ఎండాకాలం సెలవులకు ఒక ఊరి సభలు, దసరాకు ఇంకో ఊరి సభలు. చాప, దుప్పటి, స్టీలు గ్లాసు, పాటల పుస్తకం. మా ప్రయాణపు సామాను ఇంతే. ఎవరింటికి పోయినా ఫోటోల్లో వెనక సముద్రమో కొండో కనిపిస్తుంది. మా ఫోటోలన్నిటిలో వెనక షామియానా ఉంటుంది.

వాక్యమంటే, అదే బైబిలంటే, నాకు ప్రాణం. నేను సర్కారు బడిలో టీచర్ని. మా సంఘంలో స్త్రీల కూడికకు వాక్యం చెప్పేది కూడా నేనే. కాబట్టి ఇది విశ్వాసం చల్లారిన మనిషి రాసిందని ఎవరూ అనుకోవద్దు. కానీ లోకాన్ని చేసిన దేవుడే ఏడో రోజు పని ఆపాడు. మా ఆయన ఏడో రోజే ఎక్కువ పని చేస్తాడు. ఆయన సత్తుపల్లి ఓపెన్ కాస్ట్ గనిలో ఉద్యోగి, సంఘంలో పెద్ద, పుట్టుకతో ప్రసంగీకుడు. బస్సెక్కితే పక్క సీటు మనిషికి సందేశం అందుతుంది. దవాఖానాలో చూడటానికి పోతే పక్క మంచం రోగికి కూడా అందుతుంది. ఇంట్లో అందుకోవడానికి నేనున్నాను. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆయన "చివరిగా ఒక్క మాట" అన్నాడంటే, పొయ్యి మీద పాలు కాగి, చల్లారి, తోడు పెట్టుకునేందుకు కూడా టైముందని నాకు తెలుసు.

అందుకని నాకొక కోరిక ఉండేది. ఎవరూ సందేశం చెప్పని మూడు రోజులు కావాలి. అది కోరుకోవడం తప్పా అని మోకాళ్ల మీద దేవుణ్ణే అడిగాను. ఆయన కాదనలేదు.

మా ఆయనతో పనిచేసే ఒకాయనకు ములకలపల్లి అవతల, అడవి అంచున పామాయిల్ తోట ఉంది. తోటలో రేకుల ఇల్లు ఉంది. వచ్చి ఉండమని ఎన్నేళ్లుగానో పిలుస్తున్నాడు. పోయిన దసరా సెలవులకు నేను పట్టుపట్టాను. డిగ్రీ చదివే మా పాప నా పక్షాన చేరింది. మా అత్తయ్య ఎటు పోయినా సరే తన పుస్తకం, కళ్లద్దాలు ఉంటే చాలంది. చివరికి మా ఆయన ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు.

"వాన లేకుంటే పోదాం. ఆ తోవల అన్నీ వాగులే. వానొస్తదని ఏమాత్రం తెలిసినా ఇల్లు కదిలేది లేదు."

ఆయన అవునంటే అవును, కాదంటే కాదు. మధ్యలో ఇంకో మాట ఉండదు. అంటే నా సెలవు మొత్తం ఆకాశానికి వేలాడుతోంది.

దసరా నాటికి మావైపు వానలు పోతాయి. పోయినట్టే పోయి, సముద్రంలో ఏదో కదిలిందంటే మళ్లీ వస్తాయి. కాబట్టి వాన పడని రోజులేవో ముందే కనిపెట్టాలి. మేం పంచాంగం చూడం. కార్తెల పేర్లు మా ఇంట్లో పలకకూడదు. కానీ మా ఆయన పొద్దున్నే పాలాయనను ఆపి, "వానల సంగతి ఏమంటున్నరు మీవాళ్లు?" అని ఊరికే అడిగినట్టు అడిగేవాడు. హస్త ఎండిపోయింది, ఇక చిత్తలో పడితే పడుతుంది, లేకపోతే లేదు అని పాలాయన చెప్పేవాడు. కార్తె పేర్లు వచ్చినప్పుడు మా ఆయన ముఖం పక్కకు తిప్పుకొని, వాన సంగతి వచ్చినప్పుడు మళ్లీ ఇటు తిప్పేవాడు.

పాప ఫోన్లో వాతావరణం చెప్పేవి రెండుండేవి. ఒకటి తెరిస్తే సూర్యుడు, ఇంకోటి తెరిస్తే మబ్బు. వాళ్ల నాన్నకు సూర్యుడున్నదే చూపించమని పాపకు చెప్పాను. అబద్ధం చెప్పమనలేదు. రెండోది తెరవొద్దన్నాను, అంతే.

వీటన్నిటి మీదా మా అత్తయ్య ఉంది. ఆమె బడికి పోలేదు. గుడిసెలో జరిగే రాత్రి కూడికల్లో లేఖనాల మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకుంది. అందుకని ఆమెకు లోకజ్ఞానమంతా అందులోంచే వచ్చింది. వాతావరణం కూడా. పడమట మబ్బు లేస్తే వాన, దక్షిణపు గాలి వీస్తే ఎండ. ఇంకేమీ చూడదు. ఆ మాటలు పుట్టిన దేశానికి పడమట సముద్రం ఉందని, అందుకే అక్కడ మబ్బు అటు నుంచి లేస్తుందని నేను బడి పిల్లలకు చెప్పినట్టే ఆమెకూ చెప్పి చూశాను. వాక్యం ఒక్క దేశానికేనా అని అడిగింది. మా ఇంటికి పడమట సముద్రం లేదు, గని తవ్విన మట్టి పోసిన గుట్ట ఉంది. మధ్యాహ్నం గనిలో పేలుళ్లు జరిగితే గుట్ట వెనక నుంచి దుమ్ము లేస్తుంది. "పడమట మబ్బు లేచింది, బట్టలు తియ్యి అమ్మాయ్" అని అత్తయ్య కేకేసేది. నేను రోజూ తీసేదాన్ని. కాసేపటికి ఆ దుమ్ము వచ్చి దండెం మీద వాలేది కాబట్టి, వాన సంగతి ఎలా ఉన్నా బట్టల సంగతిలో ఆమె మాట ఎప్పుడూ తప్పలేదు.

ఇట్లా అందరినీ విని, దసరా వెళ్లాక వచ్చే గురు, శుక్ర, శనివారాలు ఖాయం చేసుకున్నాం. ఆ ఆదివారమే ఆరాధనలో మా పాస్టరు అయ్యగారు ప్రకటన చదివారు. సరిగ్గా ఆ గురు, శుక్ర, శనివారాలే మా సంఘం సభలు. కమిటీవాళ్లు కూడా మాలాగే వాన పడని రోజుల కోసం వెతికారు మరి, మైదానంలో పందిరి వెయ్యాలి కదా. వాళ్లకు దొరికినవీ అవే రోజులు.

సభల పేరు "కడవరి వాన".

బయటివాళ్లకు ఈ మాట చెప్పాలి. లేఖనాల్లో రెండు వానలున్నాయి. విత్తనం వేసేటప్పుడు పడేది తొలకరి వాన. కోతకు ముందు పడేది కడవరి వాన. అంత్యదినాల్లో దేవుడు తన ఆత్మను జనం మీద కుమ్మరిస్తాడని మా నమ్మకం. ఆ కుమ్మరింపునే సంఘాల్లో కడవరి వాన అంటాం. దానికోసం పాటలు పాడతాం, ఉపవాసాలుంటాం, కన్నీళ్లతో ప్రార్థిస్తాం. ఆ వానకు మబ్బు అక్కర్లేదు.

ఆరాధన అయ్యాక మా ఆయన ముఖం చూశాను. పెళ్లిభోజనానికి పిలుపు వచ్చిన రోజే పథ్యం మొదలైనవాడి ముఖం. కానీ మాట ఇచ్చాడు. అయ్యగారు కూడా పెద్దమనసుతో, కుటుంబం కూడా దేవుడిచ్చిందే, పోయి రండి అన్నారు. మా ఆయన ఇంటికి వస్తూ దారిలో మాత్రం రెండుసార్లు, "వానొస్తదంటే మాత్రం ఉండిపోదాం" అన్నాడు. మామూలు వాన పడాలని కోరుకోవడానికి ఇప్పుడు ఆయనకొక కారణం దొరికింది.

మా వీధి చివర భాయ్ ఉంటాడు. వాళ్ల నాన్న కాలంలో అది గొడుగులు బాగుచేసే దుకాణం. ఇప్పుడు గొడుగులు, బ్యాగులు, రెయిన్‌కోట్లు అమ్ముతాడు. ఒక వ్యాను కూడా ఉంది, కిరాయికి తిప్పుతాడు. మాకు బండి మాట్లాడింది అతనితోనే. పాప వెళ్లి మాట్లాడి వచ్చింది, సరేనన్నాడు. రెండు రోజులు గడిచాయి. అప్పుడు పాపకు ఫోన్ చేసి బండి రాదని చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. నేను నేరుగా దుకాణానికి పోయాను.

దుకాణం ముందు, దసరా పోయాక, కొత్త రెయిన్‌కోట్లు వరసగా వేలాడుతున్నాయి. ఎండ ఫెళ్లుమని కాస్తోంది.

"బండి రాదన్నవంట భాయ్. ఏందట?"

"వాన కదా టీచరక్కా. మూడు దినాలు కుండపోత. గా వాగుల్ల బండి దింపితే నేను ఈదుకుంట వస్త గని, బండికి ఈత రాదు."

"వానొస్తదని ఎవరు చెప్పిన్రు?"

"మీరే."

తన ఫోన్ తీసి చూపించాడు. నా వాట్సాప్ స్టేటస్. సభల పోస్టర్‌ను సంఘంలో ప్రతి ఒక్కరం స్టేటస్‌లో పెట్టాలని అయ్యగారు చెబితే నేనే పెట్టాను. నల్లటి మబ్బులు, మెరుపులు. మధ్యలో పెద్ద అక్షరాలతో, కడవరి వాన, కుండపోతగా, గురు శుక్ర శని, మన సత్తుపల్లిలో, సిద్ధపడండి అని ఉంది. ఉజ్జీవ సభలు అన్న ముక్క అడుగున చిన్నగా ఉంది. భాయ్ ఫోన్ అద్దం సరిగ్గా అక్కడే పగిలింది.

నాకు నవ్వొచ్చింది. అది ఆ వాన కాదని చెప్పాను. మరి ఏం వాన అని అడిగాడు. ఎన్నో ఏళ్లుగా ఆడవాళ్లకు చెబుతున్న పాఠమే కదా అని మొదలుపెట్టాను. దేవుడు కుమ్మరించడం గురించి, ఎండిన మనసులు తడవడం గురించి చెప్పాను. భాయ్ దుకాణంలో రేడియో ఆపి మరీ మర్యాదగా విన్నాడు. అంతా విని, "అంటే తడవరా?" అన్నాడు.

"తడుస్తం భాయ్. లోపల."

"లోపల తడిస్తే గొడుగు పనికి రాదు," అని కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన వ్యాపారం గురించా, దేవుడి గురించా నాకు తెలియలేదు. తర్వాత మెల్లగా తల అడ్డంగా ఊపాడు. కల్లూరు రోడ్డు మీద అతని తమ్ముడు మొక్కజొన్న ఆరబోశాడట. పోస్టర్ సంగతి విని, దాని మీదున్న నంబరుకు ఫోన్ చేసి మా అయ్యగారినే అడిగాడట. చీకటి పడంగనే మొదలవుతుందని, మూడు రోజులూ వదలకుండా పడుతుందని, ఊరు ఊరంతా తడిసిపోతుందని అయ్యగారు ఖాయంగా చెప్పారట.

"పెద్దమనిషి అబద్ధమాడుతడా అక్కా?"

తర్వాత తెలిసింది. ఆ వారం అయ్యగారికి అట్లాంటి ఫోన్లు చాలా వచ్చాయి. ఎన్నడూ గుడి గడప తొక్కనివాళ్లు ఇంత ఆకలితో అడుగుతున్నారని ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఒక రైతు, కల్లూరు దాకా వస్తుందా అని అడిగితే, మీరు నమ్మితే కల్లూరు దాకా వస్తుందన్నారు. ఆ రైతు అప్పటికప్పుడు పత్తి ఏరడానికి కూలీలను పిలిచాడు.

భాయ్ నా ముఖంలోకి చూశాడు. "లోపలి వానా, బయటి వానా అని నాకు తెల్వదు. నువ్వు టీచరువు, నీ మాట మీద పోత. ఒక్కటే చెప్పు అక్కా. ఈ కడవరి వాన వస్తదా, రాదా? రాదంటే బండి తీస్త."

నేను ఇరుక్కున్నానని అప్పుడు అర్థమైంది. వస్తుందంటే బండి రాదు. రాదంటే నేను నమ్మి, బోధించి, ప్రార్థించిందంతా నా నోటితోనే కాదన్నట్టు. బైబిల్లో ఒక పూట కూటి కోసం జ్యేష్ఠత్వం, అంటే పెద్దకొడుకు హక్కు, అమ్ముకున్న మనిషిని గురించి నేను ఎన్నోసార్లు గట్టిగా చెప్పాను. ఇప్పుడు నా ముందున్నది ఒక వ్యాను. ఒక రేకుల ఇల్లు కళ్ల ముందు మెదిలింది. ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు.

"రాదు భాయ్. కడవరి వాన రాదు. బండి తియ్యి."

వేలాడుతున్న రెయిన్‌కోట్ల వెనక నుంచి, "వందనాలు టీచరమ్మా" అని వినపడింది.

మా సంఘంలో ముందు వరసలో కూర్చునే పెద్దమ్మ. గొడుగుకు కొత్త పిడి వేయించుకోవడానికి వచ్చిందట. ఎప్పుడొచ్చిందో తెలియదు గానీ, ఎప్పుడు పోయిందో ఊరంతటికీ తెలిసింది. మర్నాడు పొద్దున్నే పాస్టరమ్మ, మేం అమ్మగారు అంటాం, మా ఇంటికి వచ్చింది. కూర్చుంది. టీ వద్దంది. ఆమె టీ వద్దన్నదంటే విషయం గట్టిదని మాకందరికీ తెలుసు.

"కడవరి వాన రాదన్నవంట కదా సిస్టర్."

"బండి గురించి అన్నానండి."

"బండి కోసం విశ్వాసం ఇడిచిపెడతమా? నువ్వు వాక్యం చెప్పేదానివి. నువ్వే రాదంటే కొత్తగ నమ్మినోళ్లు ఏం గావాలె?"

జరిగింది మొత్తం చెప్పాను. ఆమె మధ్యలో ఒకసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకుందనే నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ ఆమె కూడా ఏం చేస్తుంది, మాట ఊరెక్కింది. దాన్ని దించాలి. అందుకని ఒక దారి చెప్పింది. సభలకు ముందు బుధవారం సాయంత్రం ఆడవాళ్ల సిద్ధపాటు ప్రార్థన ఉంది. అందులో కడవరి వాన కోసం అందరి ముందూ నేనే మొరపెట్టాలి.

బుధవారం మోకాళ్లూనాను. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఎన్నడూ ప్రార్థించలేదు. ప్రభువా, మా హృదయాల మీద కడవరి వాన కురిపించు అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. హృదయాల మీదే కురిపించు అన్నాను. ఈసారి ఆమేన్ కొంచెం తగ్గింది. ఒక్క పత్తి రైతు భార్య మాత్రం అందరికంటే గట్టిగా, "అవ్ ప్రభువా, హృదయాల మీదనే" అంది. ఆ సాయంత్రం నా మనసు పూర్తిగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

దారిలో మా ఆయన, "మంచిగ మొరపెట్టినవ్. వానొస్తదేమో" అన్నాడు. ఏ వాన అని నేను అడగలేదు.

ఆ రాత్రి సామాను సర్దడం ఒక విచిత్రం. అడవి అంచున, వాగుల మధ్య మూడు రోజులకు పోతూ గొడుగు పెట్టుకోవడానికి లేదు. బ్యాగులో గొడుగు కనిపిస్తే మా ఆయన, అంటే నీకూ అనుమానం ఉన్నట్టే కదా అంటాడు. అనుమానం ఉంటే ప్రయాణం లేదు. పాప టోపీలు, చలవ కళ్లద్దాలు, ముఖానికి ఎండ తగలకుండా పూసుకునేవి పెట్టింది. నేను విసనకర్ర పెట్టాను. అత్తయ్య పడమటి వైపు చూసి, మబ్బు లేదు, పోవచ్చంది. ఆ రోజు గనిలో పేలుళ్లు లేవు.

గురువారం పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. భాయ్ వ్యాను వచ్చి ఆగింది. వీధిలో అందరూ బయటికి వచ్చి చూశారు. అంత ఎండలో వ్యాను పైన, సామాను పెట్టే చోట, నీలం టార్పాలిన్ పట్టా పరిచి, నాలుగు వైపులా తాళ్లతో బిగించి కట్టి ఉంది. వరదలో పోయే పడవలా ఉంది. పక్కింటాయన, ఓడ తయారైందా భాయ్, జంతువులు ఎక్కినయా అని అడిగాడు.

"రాదని చెప్పినా కదా భాయ్," అన్నాను.

"నువ్వు రాదన్నవ్. అయ్యగారు వస్తదన్నడు. ఇద్దరూ పెద్దోళ్లే. బండి నీ మాట మీద తీసిన, పట్టా ఆయన మాట మీద కట్టిన."

దారి పొడుగునా చెమటలు కారాయి. విసనకర్ర పనికొచ్చింది, దాన్ని నేను గర్వంగా అందరికీ వినపడేలా విసిరాను. ములకలపల్లి దాటాక వాగులన్నీ చీలమండల లోతు కూడా లేవు. ఒక్కో వాగు దాటినప్పుడల్లా నేను అద్దంలో భాయ్ ముఖం చూసేదాన్ని. అతను మాత్రం పైకి, పట్టా వైపే చూసేవాడు. మధ్యాహ్నానికి తోటలోని రేకుల ఇల్లు చేరాం. భాయ్ అన్నం తిని, సాయంత్రం చల్లబడ్డాక తిరిగి పోతానని, మళ్లీ శనివారం వస్తానని చెప్పి బండి నీడలో పడుకున్నాడు.

అత్తయ్య వరండాలో కుర్చీ వేయించుకొని పడమటి వైపు కాపలా కూర్చుంది. పామాయిల్ చెట్ల మీదుగా ఆకాశం పొద్దు గూకేదాకా తళతళా మెరుస్తూనే ఉంది. మబ్బు వచ్చింది ఇంటి వెనక నుంచి. తూర్పు నుంచి, అడవి మీదుగా, ఎవరూ చూడని వైపు నుంచి వచ్చింది. మేం చూసేసరికి ఇంటి నెత్తి మీద ఉంది. చీకటి పడుతుండగానే మొదటి చినుకులు పడ్డాయి. ఆ తర్వాత చినుకులని అనడానికి లేదు.

భాయ్ వరండాలో నిలబడి, చెయ్యి చాచి వానను పట్టుకున్నాడు. ముఖంలో భయం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. చెప్పిన మాట నెరవేరితే చూసేవాడి ముఖం అది. "చీకటి పడంగనే అన్నడు," అన్నాడు మెల్లగా. వాగు వచ్చిందని పక్క పొలం మనిషి వచ్చి చెప్పాడు. భాయ్ కూడా మాతోనే ఉండిపోవాల్సి వచ్చింది. వ్యాను వెనక తలుపు తెరిచి, మాకందరికీ తలా ఒక రెయిన్‌కోటు, అత్తయ్యకు గొడుగు తీసి ఇచ్చాడు. మా సంఘంలో అంతమందిమి వాన కోసం ఉపవాసాలుండి ప్రార్థించాం. నమ్మి పట్టా కట్టుకొని బయల్దేరింది మాత్రం సంఘం బయటి మనిషి. ఇది నేను తమాషాకు రాయడం లేదు. ఆ రాత్రి రెయిన్‌కోటు తొడుక్కుంటుంటే నిజంగానే తల వంచుకున్నాను.

అన్నాలయ్యాక మా ఆయన కుటుంబ ప్రార్థనకు కూర్చోమన్నాడు. భాయ్ మర్యాదగా వరండా చివరికి పోయాడు. వానకు కట్టేసినట్టు అందరం ఒక గదిలో ఉన్నాం. లేచి పోవడానికి చోటు లేదు. మూడు రోజులు. ఆయనకు ఇంతకంటే మంచి సభ దొరకదు. పుస్తకం తెరిచాడు, గొంతు సవరించుకున్నాడు, పెదవులు కదిలాయి.

ఏమీ వినపడలేదు.

రేకుల మీద వాన పడితే ఎట్లుంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. లక్షమంది ఒక్కసారి చప్పట్లు కొట్టినట్టుంది. మా ఆయన గొంతు పెంచాడు. వాన కూడా పెంచింది. మెడ మీద నరాలు లేచాయి. చెయ్యి పైకెత్తి, వేలు చూపించి, ఏదో ముఖ్యమైన చోట ఆగి మా ముఖాల్లోకి చూశాడు. మేం శ్రద్ధగా తలలూపాం. అత్తయ్య అయిపోయిందనుకొని కళ్లు మూసుకొని ఆమేన్ అంది. ఆమె ఆమేన్ కూడా వినపడలేదు, పెదవులను బట్టి తెలిసింది. ఆయన ఇంకాసేపు ప్రయత్నించి, పుస్తకం మూసి, తలెత్తి రేకుల వైపు చూశాడు. మేం మోకాళ్లూని, ఎవరి ప్రార్థన వాళ్లం మనసులో చేసుకున్నాం. వరండా చివర భాయ్ తన నమాజు చేసుకుంటున్నాడు. మా మాట అతనికి, అతని మాట మాకు వినపడలేదు. వినాల్సినవాడికి రెండూ వినపడే ఉంటాయి.

మూడు రోజులూ పడింది. మధ్యలో కాస్త తెరిపి ఇచ్చినా, మా ఆయన పుస్తకం అందుకునేలోపు మళ్లీ అందుకునేది. గోదావరి చూడాలనుకున్నాం, చూడలేదు. ఫోన్లు పలకలేదు. వేరుశనక్కాయలు వలుచుకున్నాం. పాప, భాయ్ పులిమేక ఆడారు. అత్తయ్య కుర్చీ తూర్పుకు తిప్పుకుంది, దాని గురించి ఎవరితోనూ చర్చించలేదు. నేను వరండాలో గోడకు చేరగిలబడి, వాన కింద ఊగే పామాయిల్ మట్టలను చూస్తూ పొద్దంతా కూర్చున్నాను. ఎవరికీ ఏమీ బోధించలేదు. నాకెవరూ బోధించలేదు. రెండో రోజు సాయంత్రం మా ఆయన ఎదురుగా నిలబడి నాతో ఏదో అన్నాడు. వినపడలేదని చెయ్యి ఊపాను. మళ్లీ అన్నాడు. మళ్లీ ఊపాను. చివరికి పక్కన కూర్చొని, చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు.

"టీ పెట్టనా?"

ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఇచ్చిన అతి చిన్న సందేశం అది. చివరిగా ఒక్క మాట అనలేదు. నిజంగానే ఒక్క మాట. టీలో చక్కెర ఎక్కువైంది. రెండు గ్లాసులు తాగాను.

ఆదివారం తెల్లారేసరికి వాన ఆగింది, వాగు తీసింది, ఆరాధన వేళకు సత్తుపల్లి చేరుకున్నాం. సభల మైదానం చెరువైంది. పందిరి మొదటి సాయంత్రమే కూలబోతే దించేసి, సభలను గుడి లోపలికి మార్చారట. చోటు చాలక జనం కిటికీల దగ్గర గొడుగులు వేసుకొని నిలబడ్డారట. భాయ్ తమ్ముడు, ఇంకా కొందరు కల్లూరు రైతులు వచ్చి, మీరు చెప్పబట్టి మొక్కజొన్న ఎత్తుకున్నామని అయ్యగారికి దండం పెట్టి పోయారట. ఆయనకు ఆ దండం ఎందుకో ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు, దేవునికే మహిమ అన్నారట. పత్తి తడిసినవాళ్లు కూడా ఉన్నారు. బుధవారం నాతో గొంతు కలిపిన ఆమెది కూడా తడిసింది. ఆరాధనలో వాళ్లకోసం ప్రార్థించాం. ఆ ప్రార్థనలో నేను మాటలు వెతుక్కోలేదు.

బయటికి వస్తుంటే అమ్మగారు గుమ్మం దగ్గర పట్టుకుంది. పక్కన గొడుగు పెద్దమ్మ కూడా ఉంది. కొత్త పిడి బాగుంది.

"ఇప్పుడు చెప్పు సిస్టర్. కడవరి వాన వచ్చిందా, రాలేదా?"

"వచ్చిందండి."

"నీ మీద పడ్డదా?"

"మూడు రోజులు పడ్డదండి."

"ఎట్లున్నది మరి?"

కాస్త దూరంలో మా ఆయన ఎవరినో చెయ్యి పట్టుకొని ఆపి, అడవిలో వాన గురించి వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చెప్పాలండి," అన్నాను. "ఒక్క మాటా వినపడలేదు."